బార్బోసాని పిలిచిందెవరు?

టైమ్ ట్రావెల్ సినిమా అనగానే హీరో వెనక్కెళ్ళి ఏదో సరిచేసి వస్తాడని కూర్చుంటాం. జోర్జి ఫుర్తాడో, అనా లూయిజా అజెవెదో 1988లో తీసిన బ్రెజిల్ షార్ట్ ఫిల్మ్ ‘బార్బోసా’ పావుగంట కూడా ఉండదు. చూసి వారమైంది, ఇంకా నన్ను వదల్లేదు.

1950 జులై 16, రియోలోని మరకానా స్టేడియం. ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా చాలు, ప్రపంచ కప్పు బ్రెజిల్‌దే. స్కోరు 1-1. ఇంకో పదకొండు నిమిషాల ఆట ఉందనగా గిజ్జా కుడివైపు నుంచి దూసుకొచ్చాడు. అంతకుముందు గోల్‌కి అతను అలాగే వచ్చి బంతిని లోపలికి తోస్తే స్కియాఫినో కొట్టాడు. మళ్ళీ అదే చేస్తాడనుకుని గోల్‌కీపర్ మొవాసిర్ బార్బోసా కాస్త పక్కకి జరిగాడు. గిజ్జా ఆ సందులోంచి నేరుగా కొట్టేశాడు. 2-1.

జరిగినదాన్ని బట్టి జరగబోయేది ఊహించడం తప్పెలా అవుతుంది? ఆ అంచనా నాకు సబబుగానే కనిపిస్తుంది. కానీ దేశం బార్బోసానీ, డిఫెండర్లు బిగోడే, జువెనాల్‌లనీ పట్టుకుంది. ముగ్గురూ నల్లవాళ్ళే. ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను.

సినిమాలో హీరో ఆ రోజు తండ్రితో కలిసి మ్యాచ్ చూసిన పిల్లాడు. పెద్దయ్యాక ఆ గోల్ ఆపడానికి కాలంలో వెనక్కెళ్తాడు. సరిగ్గా ఆ క్షణంలో గోల్ వెనక నుంచి బార్బోసాని కేకేస్తాడు. ఆ కేకకే గోల్‌కీపర్ దృష్టి చెదురుతుంది. (ముగింపు చెప్పేశాను, క్షమించండి.) ప్రోగ్రామర్‌ని కదా, బగ్ ఫిక్స్ చేయబోయి బగ్ పెట్టాడని మొదట నవ్వుకున్నాను. తర్వాత తట్టింది: ఇతను వెళ్ళింది బార్బోసా కోసం కాదు, తన చిన్నతనం కోసం. గోల్‌కీపర్‌ని బలిచ్చింది ప్రేక్షకులే అని ఇంతకంటే ఘాటుగా చెప్పడం కష్టం.

అయినా నాకో పేచీ ఉంది. సినిమా కూడా ఒక్క కారణాన్నే వెతుకుతుంది, దోషిని మాత్రం మారుస్తుంది. గిజ్జాని అంత దూరం రానిచ్చిందెవరు? గోల్స్ వరద పారించిన ఫార్వర్డ్‌లు ఆ రోజు ఒక్కదానితో ఎందుకు ఆగిపోయారు? నేను పనిచేసిన ఒక ఆఫీసులో సర్వర్ పడిపోతే మొదట అడిగేది “చివర్న ముట్టుకున్నదెవరు?” అని. ఒకసారి అది నేనే. గోల్‌కీపర్‌కి ప్రతి గోల్‌లోనూ అదే స్థానం.

1993లో జాతీయ జట్టుని కలవడానికి వెళ్తే అపశకునమని రానివ్వలేదట. బ్రెజిల్‌లో గరిష్ఠ శిక్ష ముప్ఫై ఏళ్ళు, తనది యాభై ఏళ్ళయినా తీరలేదని బార్బోసా అనేవాడు. 2000లో పోయాడు.

ఈ సినిమాలో అసలు బార్బోసా కూడా కనిపిస్తాడు, ముసలితనంలో, తన మాటల్లో తన కథ చెబుతూ. ఆ ముఖం ముందు హీరో టైమ్ మెషిన్ బొమ్మలా తేలిపోతుంది. రెండోసారి చూసినప్పుడు హీరోని స్కిప్ చేసి, బార్బోసా మాట్లాడే ముక్కలే చూశాను.