మహాసభ వాకిలి – ‘ది ఇమ్మోర్టల్ స్టార్మ్’ గ్రంథ పరిశీలన

వైజ్ఞానిక కల్పనాకథలపై విమర్శగ్రంథాలు అనేకం వెలువడినవి. ఆ కథలు చదివే అభిమానులు ఒకచోట చేరి సభలు జరుపుకొనడాన్ని గురించిన గ్రంథాలు మాత్రం తక్కువ. వాటిలో ముందుగా చెప్పదగినది అమెరికా రచయిత సామ్ మాస్కోవిట్జ్ వ్రాసిన ‘ది ఇమ్మోర్టల్ స్టార్మ్’. 1940ల నుండి ఒక అభిమాన పత్రికలో భాగాలు భాగాలుగా వచ్చి, 1954లో అట్లాంటా నగరపు అభిమాన సంఘం ద్వారా పుస్తకరూపం పొందిన ఈ గ్రంథం, 1930లనాటి అభిమానుల చరిత్ర. జీతబత్తెములు లేకుండా సభలు నిర్వహించే వాలంటీర్ల గుణం, దోషం రెండూ ఇందులో కనిపిస్తాయి. గుణాన్ని రచయిత తెలిసి చూపాడు. దోషాన్ని తెలియక చూపాడు. గ్రంథానికి నేటికీ విలువ ఉండడానికి ఈ రెండవదే ముఖ్యకారణం.

ఈ చరిత్రకు మూలం ఒక చిన్న సంగతి. 1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ అనే మాసపత్రిక స్థాపించాడు. పాఠకుల లేఖలను వారి చిరునామాలతో సహా ప్రచురించేవాడు. ఒక ఊరి పాఠకుడు మరొక ఊరి పాఠకునికి ఉత్తరం వ్రాయడానికి ఆ చిరునామాయే దారి చూపింది. ఉత్తరాల నుండి సంఘాలు, సంఘాల నుండి సొంత పత్రికలు పుట్టినవి. అచ్చు వేయించే స్తోమత లేని కుర్రవాళ్ళు పెక్కుమంది హెక్టోగ్రాఫుపై ఆధారపడ్డారు. జెలాటిన్, గ్లిసరిన్ కలిపి పళ్ళెంలో గడ్డకట్టించి, అనిలీన్ రంగుసిరాతో వ్రాసిన కాగితాన్ని దానిపై అదిమితే సిరా జెలాటిన్‌లోనికి ఇంకుతుంది. ఆ తరువాత తెల్లకాగితాలను ఒక్కొక్కటిగా అదిమి తీస్తే ఊదారంగు అక్షరాలు దిగుతాయి. సుమారు 50 ప్రతులకు సిరా పలుచబడిపోతుంది. వెలుతురు తగిలితే ఆ అక్షరాలు వెలిసిపోతాయి. ఇట్టి పత్రికల పేర్లను, తేదీలను, వాటి సంపాదకుల తగవులను సైతం మాస్కోవిట్జ్ ఓపికతో కూర్చాడు. ఆయన శ్రమ లేకుంటే ఆ చరిత్రలో చాలాభాగం ఆ ఊదా అక్షరాలతోపాటే మాసిపోయేది.

ఇక సభల సంగతి. 1937 జనవరి 3న ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో కొద్దిమంది అభిమానులు సమావేశమయ్యారు. తరువాతి కాలంలో ప్రసిద్ధుడైన ఆర్థర్ సి. క్లార్క్ వారిలో ఒకడు. 1939 జులై 2 నుండి 4 వరకు న్యూయార్కులో మొదటి ప్రపంచ మహాసభ జరిగింది. అదే ఏడు ఆ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుండడం చేత దానికా పేరు వచ్చింది. సుమారు 200 మంది హాజరయ్యారు. చిత్రకారుడు ఫ్రాంక్ ఆర్. పాల్ ముఖ్య అతిథి. ‘మెట్రోపొలిస్’ చలనచిత్రం ప్రదర్శించారు. సభను నడిపిన ముగ్గురిలో మాస్కోవిట్జ్ ఒకడు. అప్పటికి అతనికి 19 ఏళ్ళు నిండి వారమైనా కాలేదు. ఆ వయస్సులో హాలు కుదిర్చి, అతిథులను పిలిచి, మూడు రోజుల సభ నడపడం సామాన్యమైన పని కాదు. ఈ ఘట్టాన్ని వ్రాసేటప్పుడు రచయితకు కలిగిన గర్వం సహజమైనదే.

అయితే ఆ హాలు వాకిలి వద్దనే మరొక ఘట్టం జరిగింది. న్యూయార్కులో ‘ఫ్యూచరియన్లు’ అనే మరొక సంఘం ఉండేది. వైజ్ఞానిక కథల పాఠకుడు కథలతో తృప్తిపడక రాజకీయాలలో కూడ ఒక పక్షం వహించవలెనని వారిలో కొందరి అభిప్రాయం. నిర్వాహకులకు, వీరికి పూర్వవైరం ఉన్నది. సభనాడు నిర్వాహకుల నిరంకుశత్వాన్ని ఖండించే కరపత్రాల కట్ట హాలులో దొరికింది. గొడవ చేయబోమని మాట ఇస్తేనే ప్రవేశమని మాస్కోవిట్జ్ పట్టుపట్టాడు. ఫ్రెడరిక్ పోల్, డొనాల్డ్ వోల్‌హైమ్, సిరిల్ కోర్న్‌బ్లూత్, రాబర్ట్ లోండెస్, జాన్ మిషెల్, జాక్ గిలెస్పీ అనే ఆరుగురు బయటనే ఉండిపోయారు. విచిత్రమేమంటే, ఆ కరపత్రాన్ని తయారుచేసినవాడు డేవిడ్ కైల్. అతడు ఏ అడ్డూ లేకుండా లోపలనే కూర్చున్నాడు!

ఈ ఘట్టాన్ని వ్రాయడంలో గ్రంథం యొక్క లోపం బయటపడుతుంది. రచయిత తనను గురించి కూడ ప్రథమపురుషలో వ్రాసుకున్నాడు. చరిత్రకారుని తటస్థత అందువల్ల వచ్చినట్లు కనిపిస్తుందే కాని నిజంగా రాలేదు. వాది, సాక్షి, న్యాయాధిపతి ఒక్కడే అయినప్పుడు తీర్పు ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. అవతలి పక్షం వాదన తెలియవలెనంటే డేమన్ నైట్ 1977లో వ్రాసిన ‘ది ఫ్యూచరియన్స్’, పోల్ 1978లో ప్రకటించిన ఆత్మకథ ‘ది వే ది ఫ్యూచర్ వాజ్’ కూడ చదవవలె. వీనిలో నైట్ ఆ సంఘంలోకి తరువాత వచ్చినవాడు. వాకిలి వద్ద ఉన్నవాడు పోల్.

అంతమాత్రాన గ్రంథాన్ని పక్షపాతమని త్రోసివేయరాదు. ప్రయోగశాలలో ఒక నియమం ఉన్నది. తీసుకున్న పది రీడింగులలో ఒకటి మిగిలినవాటితో పొసగనప్పుడు విద్యార్థి దానిని రబ్బరుతో చెరపరాదు. దానిపై ఒక్క గీత గీసి, ప్రక్కన కారణం వ్రాయవలె. కొట్టివేసిన సంఖ్య ఇంకా చదవడానికి వీలుగా ఉండవలె. కారణం సరియైనదో కాదో పరీక్షించేవారు నిర్ణయిస్తారు. మాస్కోవిట్జ్ సరిగా ఈ పనే చేశాడు. ఎవరిని ఆపినదీ, ఎందుకు ఆపినదీ పేర్లతో సహా గ్రంథస్థం చేశాడు. ఆయన సాక్ష్యం ఆధారంగానే పాఠకుడు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పగలుగుతున్నాడు. చరిత్రగ్రంథానికి ఇంతకంటె పెద్ద యోగ్యత అరుదు.

గ్రంథంలో మరొక కొరత ఉన్నది. తగవులకు, తీర్మానాలకు ఇచ్చినంత స్థలం చాకిరీకి ఇవ్వలేదు. సభ నడిచేది చాకిరీ మీదనే. ‘వర్ల్డ్‌కాన్’ అని పిలువబడే ఈ ప్రపంచ మహాసభకు శాశ్వత కార్యాలయం లేదు, జీతగాళ్ళు లేరు. ఏటేటా సభ్యులు ఓటు వేసి రాబోయే సభాస్థలాన్ని నిర్ణయిస్తారు. గెలిచిన నగరంలో ఒక క్రొత్త సంఘం ఆ బరువు ఎత్తుకుంటుంది. హోటలు గదుల ఒడంబడిక, సభ్యుల నమోదు, వందలకొలది ప్రసంగాల కాలపట్టిక, చిత్రప్రదర్శన, పుస్తకాల అంగళ్ళు, చక్రాల కుర్చీల వారికి దారి, చివరి రాత్రి కుర్చీలు మడిచి పెట్టడం – అన్నీ వాలంటీర్ల పనులే. సాధారణంగా వారు కూడ సభ్యత్వ రుసుము చెల్లించే పనిచేస్తారు. చిన్న చిన్న పనులకు పరుగెత్తే వారిని ‘గోఫర్లు’ అంటారు. ‘వెళ్ళి పట్టుకురా’ అనే ఆంగ్లపు మాట మీది చమత్కారమది.

ఇంత శ్రమ చేసేవారిని ప్రశ్నించడానికి ఎవరికైనా నోరు రాదు. ప్రమాదం అక్కడనే ఉన్నది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. వడ్డించేవాడు మనవాడు కానప్పుడు ఏమి గతి? కూలి పుచ్చుకోనివానికి యజమాని ఉండడు. కనుక అతడు ఎవరికి జవాబు చెప్పవలెనో స్పష్టంగా ఉండదు. ఇది మనుషుల మంచిచెడ్డలకు సంబంధించిన విషయం కూడ కాదు. 1939లో నిర్వాహకులను ఖండించిన డేవిడ్ కైల్ 1956లో న్యూయార్కు మహాసభకు తానే అధ్యక్షుడైనాడు. ఆ సభలో విందు టిక్కెట్టు లేకుండా ఉపన్యాసాలు వినడానికి బాల్కనీలో చేరిన అభిమానులను, అక్కడ కూర్చోరాదని కైల్ చెప్పాడంటూ లేపివేశారు. ఆ మాట అభిమానుల నోళ్ళలో ఎగతాళి సామెతగా నిలిచిపోయింది. వాకిలి వద్ద నిలబడినవాడు ఎవరైనా ద్వారపాలకుని వలెనే మాట్లాడతాడని దీనివల్ల తెలుస్తున్నది.

ఇటీవలి రెండు సంఘటనలు ఈ విషయాన్ని బాగా విశదం చేస్తాయి. 1953లో ప్రారంభమైన హ్యూగో బహుమతులను వర్ల్డ్‌కాన్ సభ్యుల ఓట్లతో నిర్ణయిస్తారు. లెక్కించేవారు కూడ వాలంటీర్లే. 2023 అక్టోబరులో చైనాలోని చెంగ్డూలో సభ జరిగింది. 2024 జనవరిలో నామినేషన్ల లెక్కలు వెలువడినప్పుడు ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల ‘బేబెల్’ వంటి కొన్నింటి ఎదుట ‘అనర్హం’ అని మాత్రమే ఉన్నది. ఎందుకు అనర్హమో చెప్పలేదు. ఫిబ్రవరిలో బయటపడిన ఉత్తరప్రత్యుత్తరాలను బట్టి, చైనాలో రాజకీయంగా ఇబ్బంది కలిగించగల అంశాలు రచయితల వ్రాతలలో ఉన్నవేమోనని లెక్కింపు బృందంలోని పాశ్చాత్యులే వెదకినట్లు తెలిసింది. అంటే రీడింగును రబ్బరుతో చెరపివేశారు. అప్పటికే నిర్వాహకులపై అభిశంసన, రాజీనామాలు జరిగినవి. కాని పోగొట్టుకున్న అవకాశం ఆ రచయితలకు తిరిగిరాలేదు.

2024 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన సభకు ముందు మరొక చిక్కు వచ్చింది. పోలైన 3,813 ఓట్లలో 377 ఓట్లు అనుమానాస్పదంగా కనిపించినవి. ఒక్క అక్షరం తేడాతో వరుసగా సాగే పేర్లు, వరుస అంకెలకు అనువాదాలైన పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నవి. నిర్వాహకులు ఆ ఓట్లను కొట్టివేశారు. ఫలితాలకు ముందే సంఖ్యను, కారణాన్ని ప్రకటించారు. ఆ ఓట్లు ఒకే అభ్యర్థికి మేలు చేయడానికి పడినవని చెబుతూనే, ఆ అభ్యర్థికి ఇది తెలుసుననడానికి ఆధారం లేదని, పోటీ నుండి తొలగించడం లేదని కూడ చెప్పారు. ఇక్కడ కూడ రీడింగు కొట్టివేతయే. కాని గీత క్రింద సంఖ్య కనిపిస్తున్నది, ప్రక్కన కారణం ఉన్నది.

ఉచితంగా పనిచేసేవారిని ఇన్ని లెక్కలడిగితే ఎవరు ముందుకు వస్తారని కొందరంటారు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఓపిక నశించి తప్పుకున్న వాలంటీర్లు ఏ సంఘంలోనైనా ఉన్నారు. అయితే కారణాన్ని వ్రాసిపెట్టడం వాలంటీరుకు శిక్ష కాదు, రక్షణ. 377 ఓట్లు కొట్టివేసినవారికి తరువాత సంజాయిషీలు చెప్పుకోవలసిన పని పెద్దగా పడలేదు. సేవ ఉచితం కావచ్చును; సేవతోపాటు చేతికి వచ్చే తాళపుచెవి మాత్రం పదిమంది ఆస్తి.

ఆ ఆరుగురిలో ఒకడైన ఫ్రెడరిక్ పోల్ 1972లో లాస్ ఏంజిలెస్ ప్రపంచ మహాసభకు గౌరవ అతిథిగా వచ్చాడు. ఆ వాకిలి అతనికి తెరచుకొనడానికి 33 ఏళ్ళు పట్టింది. మొదట అది ఎట్లు మూసుకున్నదో తెలుసుకొనదలచినవారు, సభలు నడపబూనే విద్యార్థి సంఘాలవారు, మాస్కోవిట్జ్ గ్రంథాన్ని ఫ్యూచరియన్ల గ్రంథాలతో పాటు ప్రక్కప్రక్కన పెట్టుకొని చదవడం మంచిది.