బిళ్ల ఎవరిది, కొలత ఎవరిది?

బ్యాడ్జికి తెలుగులో పాతమాట ఒకటుంది: బిళ్ల. వెనకటి కచేరీల్లో బిళ్లబంట్రోతు ఉండేవాడు. అతని ఛాతీ మీద మెరిసే ఇత్తడి బిళ్ల అతనికి ఏం వచ్చో చెప్పేది కాదు, అతను ఎవరి మనిషో చెప్పేది. ఇప్పుడు నేర్చిన పనికీ చదువుకీ డిజిటల్ బ్యాడ్జీలిస్తామని ప్రభుత్వాలూ యూనివర్సిటీలూ కంపెనీలూ బయల్దేరాయి. ఈ కొత్త బిళ్ల ఏం చెబుతుంది? వచ్చిన పనినా, పుట్టిన కులాన్నా? దళితుల వైపు నుంచి ముందుగా అడగాల్సింది ఇదే.

2011లో అమెరికాలో మొజిల్లా సంస్థ మెకార్థర్ ఫౌండేషన్ సాయంతో 'ఓపెన్ బ్యాడ్జెస్' పని మొదలుపెట్టింది. బడి బయట నేర్చినదానికి కూడా గుర్తింపు ఉండాలన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, మనం కాదనాల్సిన పనిలేదు. ఆ బ్యాడ్జి తెరమీద కనపడే బొమ్మ ఒక్కటే కాదు. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ ప్రమాణం మీద ఇచ్చారు, సాక్ష్యం ఏమిటి అన్న వివరాలు దానితోపాటే ఉంటాయి. డిజైను పేరుతో రంగులూ ఆకారాల గురించి తెగ మాట్లాడతారు గానీ అసలు డిజైనంతా ఈ నాలుగు గళ్లలోనే ఉంది.

ఈ నాలుగు గళ్లనూ మన ఊళ్లు ఎప్పుడో నింపేశాయి. ఇచ్చింది ఊరి పెద్దలు. ప్రమాణం పుట్టుక. సాక్ష్యం తండ్రి చేసిన పని. పుచ్చుకునేవాణ్ణి మాత్రం ఎవడూ అడగలేదు. కులం పనిని పంచడంతో ఆగలేదు, పనిచేసేవాళ్లనే విడదీసి ఒకరి కింద ఒకర్ని పేర్చింది అని అంబేద్కర్ 1936లోనే వాదించాడు. కాబట్టి నైపుణ్యానికి గుర్తింపు లేకపోవడం ఒక్కటే మా బాధ అనుకుంటే పొరపాటు. గుర్తింపు ఉంది. విడిపించుకోలేనంతగా ఉంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకాన్ని ఈ వెలుగులో చూడాలి. 18 వృత్తులవాళ్లకి డిజిటల్ నంబరుతో సర్టిఫికెట్టూ గుర్తింపు కార్డూ ఇస్తారు. ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, రోజుకి 500 రూపాయల భృతి, పనిముట్లకి 15,000 దాకా సాయం. ఈ డబ్బు చేతికొస్తే వద్దనేవాళ్లు ఉండరు, ఉండక్కర్లేదు కూడా. కానీ ప్రమాణం గడిలో ఏం రాశారు? కుటుంబంలో సాంప్రదాయంగా వస్తున్న వృత్తి. గురుశిష్య పరంపరని బలపరచడం తమ లక్ష్యమని కూడా చెప్పుకున్నారు. ఏకలవ్యుడి కథ విన్నవాళ్లకి ఆ మాట ఎలా వినబడుతుందో రాసినవాళ్లకి తట్టలేదేమో. వయసు 18 నిండితే చాలు. కాలేజీలో చేరాల్సిన వయసు అది. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట పట్టుకున్నవాణ్ణి నేను. ఆ వయసులో చెప్పులు కుట్టే కార్డూ చేతిలో నగదూ ముందుకొస్తే ఇంట్లో ఏ మాట నడిచేదో నాకు తెలుసు.

ఆ 18లో చెప్పులు కుట్టేవాళ్లున్నారు. డప్పు లేదు. మంత్రసాని లేదు. తోలు మాటకొస్తే, లంద దగ్గర పనిచేసినవాళ్ల తెలివి ఏ గడిలో పడుతుంది? పచ్చితోలుని సున్నపునీళ్లలో నానేసి, వెంట్రుక గీరి, తంగేడు చెక్క నీళ్లలో ఊరేస్తారు. అంచు కోసి లోపలిదాకా రంగు దిగిందో లేదో చూస్తారు. ఎండల్లో ఎన్నాళ్లు, వానల్లో ఎన్నాళ్లు అన్నది చేతికి తెలుసు, కాగితం మీద లేదు. ఇదే పనిని చెన్నైలో 1948 నుంచి నడుస్తున్న కేంద్ర తోలు పరిశోధనా సంస్థలో చేస్తే సైన్సు. వాడలో చేస్తే కంపు. 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 30 గంటల నేర్పుకి ఒక క్రెడిట్ అంటుంది, పని అనుభవాన్నీ లెక్కేస్తామంటుంది. బాగుంది. లంద పక్కన ఇరవయ్యేళ్లు గడిపిన మనిషిని పరీక్షించేదెవరు? లందలో ఎప్పుడూ చెయ్యిపెట్టనివాడేనా?

దీనికి దారి బ్యాడ్జి నిర్మాణంలోనే ఉంది. ఓపెన్ బ్యాడ్జెస్ 2.0లో ఇచ్చిన సంస్థే కాక ఇతరులు కూడా పూచీ చెప్పే ఏర్పాటు పెట్టారు. తోటి పనివాళ్లు పూచీ చెప్పనీండి. ప్రమాణాన్ని వాళ్లతో కూర్చుని రాయండి. అప్పుడు 'చర్మకారుడు' అనే పేరు బదులు సున్నం పాళ్లు తెలుసుకోవడం, తోలు ఊరిందో లేదో పసిగట్టడం అన్న పనుల పేర్లే బ్యాడ్జి మీద ఉంటాయి. అవి పట్టుకుని ఎవరైనా కెమిస్ట్రీ లాబుకి పోవచ్చు. ఏ కులపువాళ్లయినా వచ్చి అదే బ్యాడ్జి సంపాదించవచ్చు.

'కులపత్రం తీసుకుంటున్నారుగా, ఇదెందుకు వద్దు?' అని అడిగేవాళ్లున్నారు. కులపత్రం అన్యాయానికి లెక్క. పోరాడి తెచ్చుకున్న హక్కు. ఫీజుకో సీటుకో అవసరమైనచోట మేమే తీసి చూపిస్తాం, మళ్లీ మడిచి పెట్టుకుంటాం. పనితనపు బ్యాడ్జి అట్లా కాదు, పదిమందీ చూడ్డానికే పెట్టుకునేది. అందులో కుటుంబ వృత్తి దూరితే అదే రెండో కులపత్రం, పైగా నుదుటి మీద.

తమిళనాడు ప్రభుత్వం ఈ కుటుంబ వృత్తి షరతు తీసేయమనీ కనీస వయసు 35 చేయమనీ కేంద్రాన్ని అడిగింది. ఉన్న రూపంలో అమలు చేయలేమని 2024 నవంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ లేఖ రాశాడు. 2025లో కులంతో పనిలేని సొంత పథకం తెచ్చారు. 35 అనే ఆ అంకె మీద మన దగ్గర పెద్దగా చర్చ లేదు. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ, తర్వాత కొన్నేళ్ల ఉద్యోగాల వెతుకులాట, అన్నీ అయ్యాకే చెప్పుల కార్డు సంగతి అడగండి అన్నది దాని అర్థం.