అంచు బయట ఇల్లు

తాడేపల్లిగూడెంలో ప్యాసింజరెక్కి, ఉంగుటూరు, పూళ్ల, భీమడోలు, దెందులూరు దాటి ఏలూరులో దిగి, దొరికిన బండి పట్టుకుని, బండి ఆగిన చోట తాటిదోనె ఎక్కేవాడు మా పెదనాన్న. మెడలో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా. రోలుకి 12 బొమ్మలు. పన్నెండంటే పన్నెండే. అందుకే ఆయన కొల్లేటిని ఆచితూచి చూశాడు, ఇంగిలాయి చేప ముల్లు తీసి పసిబిడ్డకి పెట్టే తల్లిలా.

ఆ బొమ్మలు యాభై ఏళ్లు గూడెంలో, ఇనప్పెట్టెలో, కలరా ఉండల వాసన కప్పుకుని పడుకున్నాయి. తీసిన నీటి దగ్గరికే వాటిని తీసుకెళ్లాలనిపించింది. ఫాల్గుణంలో, పెద్దింట్లమ్మ జాతరకి కొల్లేటికోట చేరి, గుడికి ఎడంగా ఒక సావిట్లో వలతాడు కట్టి, బట్టల క్లిప్పులతో 36 బొమ్మలు వేలాడదీశాను.

అమ్మా కొల్లేరా! బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసిన నీళ్లని ఒళ్లో పరుచుకుని, ఉప్పుటేరు చేత సముద్రానికి సారె పంపిన పెద్దముత్తైదువా! ఆ తాడు మీద నువ్వెంత నిండుగా ఉన్నావు! కిక్కిస నీ పాపిట్లో గాలి దువ్వెన. గూడబాతులు నీ నుదుట తెల్లని బాసికం. చేపల మావులెత్తే మనిషి వెన్ను వంగిన చోట సూర్యుడు కూడా వంగి నీళ్లు తాగుతున్నాడు. ఇన్ని అందాలూ నలుపు తెలుపుల్లోనే. నీ ఆకుపచ్చ ఏమై ఉంటుందో ఊహించుకోబోతే గుండె గుబేలుమంది.

ఒక ముసలాయన మనుషుల మొహాలు చూడలేదు. నీటి గీత చూశాడు. "ఇది శ్రావణం నీరు బాబూ," అన్నాడు. ఎలా తెలుసన్నాను. "కిక్కిస ఎందాకా మునిగిందో చూడండి."

అంతలో ఒక బడిపిల్లాడు తాడు పొడవునా నడిచి వచ్చి అడిగాడు: "ఏ చెరువండీ ఇది? గట్లేవి?"

గట్లు లేని నీరు ఆ బిడ్డ ఎరగడు. నేనేం చెప్పను తల్లీ? 1976 నుంచి సొసైటీల పేరిట లంకలవాళ్లకే చేపల చెరువులిచ్చారు. తర్వాత పైనుంచి డబ్బొచ్చింది, లీజులొచ్చాయి, గట్టు మీద గట్టు లేచింది. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. 2002లో రామ్సర్ చిత్తడినేలల జాబితాలో నీ పేరు రాశారు. 2006లో గట్లు తెగ్గొట్టారు, మళ్లీ లేచాయి. చెరువు మీద బతికేవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. వాడి పొయ్యి మీద ఉడికేదీ ఆ చేపే. కానీ తల్లి ఒంటిని మళ్లు మళ్లుగా కోసి పంచుకున్నాక ఎవరి వాటాలోనూ తల్లి లేదు.

ఇలా దాచిన బొమ్మలు ఇంకోచోటా ఉన్నాయి. 1941లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పాపికొండల చుట్టూ తిరిగి కొండరెడ్లని బొమ్మ తీశాడు. ఆయన తీసిన బొమ్మలు లండన్‌లో, సోయాస్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఆ కొండరెడ్ల ఊళ్లకి పోలవరం ప్రాజెక్టు నీళ్లు వస్తున్నాయి. అక్కడ నీళ్లు ఊళ్లని కమ్మేస్తుంటే ఇక్కడ మట్టి నీళ్లని కమ్మేసింది. ఆ బొమ్మల్ని కూడా ఎవరైనా గోదారి గట్టున ఇలా తాడు మీద ఆరేస్తే బాగుండును. ఏ చెట్టు ఎవరిదో చెప్పగలవాళ్లు ఉండగానే.

పొద్దువాలాక ఒక అవ్వ వచ్చింది. లంకరేవు బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. ఆమె వేలు కాగితం మీద దోనె నుంచి రేవుకి, రేవు నుంచి చింతచెట్టుకి పాకి, తెల్లని అంచు దాటి, వెనక సున్నపు గోడ మీద ఆగింది.

"ఇదిగో, ఇక్కడ మా ఇల్లు," అంది. "మీ పెదనాన్నగారు దోనె ఇంకో గెడేసి ఇటు జరిపించుంటే పడేది."

ఆ గోడ మీద పెచ్చులూడిన సున్నం తప్ప ఏమీ లేదు. ఆమె మాత్రం వేలు తియ్యలేదు. క్లిప్పు విప్పి ఆ బొమ్మ ఆమె చేతిలో పెట్టాను. చూసుకుని, కొంగుతో తుడిచి, మళ్లీ తాడుకే తగిలించింది.

"రేపటిదాకా ఉంచండి బాబూ. మా చెల్లెల్ని తీసుకొస్తాను. తలుపు ఎటేపుండేదో దానికే బాగా గుర్తు."