చెడిన కుండ చెప్పే సంగతులు

హండియా అనే బియ్యం కల్లు చెడిపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. అన్నం సరిగ్గా ఆరకపోయినా చాలు, పులియబెట్టే రాను మాత్ర పాతబడినా చాలు, కుండ మూతి దగ్గర ఈగ దూరే సందున్నా చాలు. మూడో రోజు మూత తీస్తే తీపి, పులుపు కలగలిసిన వాసన రావాలి. ఆ చోట వెనిగర్ ఘాటు ముక్కుకు కొట్టిందంటే, అన్నం మీద నల్లబూజు పరుచుకుందంటే అంతే సంగతులు. బియ్యమూ పోయె, చేసిన చాకిరీ పోయె.

అండమాన్‌లో ఈ బియ్యం కల్లు రాంచీవాళ్లది. 1918లో రాంచీలోని క్యాథలిక్ లేబర్ బ్యూరో ద్వారా ఛోటా నాగ్‌పూర్ నుంచి ఓరాన్, ముండా, ఖడియా కూలీలను అడవి పనులకు దీవులకు తేవడం మొదలైంది. పడౌక్, గర్జన్ మానులు కొట్టడం, దుంగలు లాగడం, దారులు వేయడం వాళ్ల పని. ఒప్పందం ముగిశాక చాలామంది తిరిగి వెళ్లలేదు. బారాటాంగ్ లాంటి దీవుల్లో పొలాలు చేసుకుని నిలిచిపోయారు. జార్ఖండ్‌లో షెడ్యూల్డ్ తెగలైన వీళ్లకు ఇక్కడ ఆ హోదా లేదు. దీవుల జాబితాలో ఉన్నది గ్రేట్ అండమానీలు, ఒంగేలు, జారవాలు, సెంటినలీలు, షోంపెన్‌లు, నికోబారీలు మాత్రమే. ఛోటా నాగ్‌పూర్‌లో పెళ్లికీ, సర్హుల్, కరమ పండుగలకూ, పెద్దలకు పెట్టే నైవేద్యానికీ హండియా లేనిదే జరగదు. ఇంత దూరం వచ్చినవాళ్లు దాన్ని వదులుకోకపోవడంలో ఆశ్చర్యమేముంది?

తయారీ చెప్పడానికి నాలుగు మాటలే. అన్నం పలుకుగా వండి, ఆరబెట్టి, రాను మాత్రల పొడి కలిపి, కుండకెత్తి మూతి కట్టాలి. కాలాన్ని బట్టి మూడు నుంచి ఐదు రోజులు ఊరాక నీళ్లు పోసి, పిసికి వడగట్టాలి. చాలాచోట్ల ఇది ఆడవాళ్ల చేతిపని. కొలగిన్నె, గడియారం కన్నా వేలి కొసనే ఎక్కువ నమ్మే పని.

అసలు విద్యంతా రానులో ఉంది. బియ్యప్పిండిలో అడవి వేళ్లు, ఆకులు నూరి కలిపి, చిన్న ఉండలు కట్టి, పాత రాను పొడి చల్లి, గడ్డిలో కప్పి, ఆపైన ఎండబెడతారు. ఏ వేరు ఎంతన్నది ఇంటికో లెక్క. ఎండిన ఉండలో రైజోపస్, మ్యూకర్ జాతుల బూజు, ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియా నిద్రపోతూ ఉంటాయి. బియ్యంలో ఉన్నది పిండిపదార్థం; ఈస్టు దాన్ని నేరుగా తినలేదు. బూజు దాన్ని చక్కెరగా విరిస్తే, ఆ చక్కెరను ఈస్టు మద్యంగా మారుస్తుంది. ఐరోపా బీరులో మొదటి పని మొలకెత్తిన బార్లీ చేస్తుంది. చక్కెర తయారయ్యాకే ఈస్టు రంగంలోకి దిగుతుంది. హండియా కుండలో రెండు పనులూ ఒకేసారి నడుస్తాయి. నేపాల్ మర్చా, మణిపూర్ హమెయ్, ఇండోనేషియా రాగి, అన్నీ ఈ కుదురువే. 1892లో సైగాన్‌లో పనిచేస్తున్న ఆల్బర్ట్ కాల్మెట్ చైనావాళ్ల ఇలాంటి ఉండల నుంచే ఒక బూజును వేరుచేశాడు. తర్వాత క్షయకు బీసీజీ టీకా కనిపెట్టిన ఇద్దరిలో ఒకడు ఆయనే. ఆ బూజు ఆధారంగా ఐరోపాలో పిండిపదార్థం నుంచి మద్యం తీసే కొత్త పారిశ్రామిక పద్ధతే పుట్టింది. పల్లె ఆడవాళ్ల ఉండకు ప్రయోగశాల ఇచ్చిన కితాబు అది, వాళ్లకు తెలియకుండానే.

ఇప్పుడు చెడిన కుండల దగ్గరికి వద్దాం. అన్నం వేడి మీదుండగా రాను కలిపితే బూజు, ఈస్టు రెండూ చస్తాయి. చావనివి మాత్రం ఉన్నాయి: బియ్యంలో ఉండే బేసిల్లస్ బ్యాక్టీరియా బీజాలు ఉడికినా బతుకుతాయి. పోటీ లేని కుండలో అవి చెలరేగి అన్నాన్ని జిగటగా, తీగలు సాగేలా చేస్తాయి. వాటిలో ఒక జాతి వాంతులు, విరేచనాలు తెచ్చేది కూడా. అలాంటి కుండను పారబోయడమే మేలు. అన్నం ముద్దగా ఉడికితే మరో చిక్కు. బూజుకు గాలి కావాలి. పలుకుల మధ్య సందు లేకపోతే అది పైపైనే పాకుతుంది, లోపలి అన్నం తెల్లగా మిగిలిపోతుంది. ఇక మూతి వదులైతే గాలితోపాటు వచ్చే ఎసిటిక్ బ్యాక్టీరియా మద్యాన్ని వెనిగర్ చేస్తుంది. బిగించి సీలు వేసినా ప్రమాదమే, పుట్టే కార్బన్ డయాక్సైడ్ పోయే దారి ఉండదు. ఆకుతో కట్టే పాత పద్ధతి ఈ రెంటికీ మధ్యస్తం.

దీవుల వాతావరణం వీటన్నిటికీ తోడవుతుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలు. ఆరబెట్టడం అన్న మెట్టే ఇక్కడ కష్టం. పొడిగా దాచాల్సిన రాను తేమ పీల్చి లోపలే పాడవుతుంది. ఛోటా నాగ్‌పూర్‌లో ఎండ చూసుకునే పనిని ఇక్కడ పొయ్యి పైన అటక చూసుకోవాలి.

2011 లెక్కల ప్రకారం దీవుల జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లే. తరవాణి కుండను ఎరిగిన మనవాళ్లకు హండియా తర్కం పరాయిది కాదు. కొబ్బరి కల్లుది మాత్రం వేరే తొందర. అందులో చక్కెర సిద్ధంగా ఉంటుంది కాబట్టి చెట్టు మీది కుండలోనే పులుపు మొదలవుతుంది. పొద్దున దించింది సాయంత్రానికి ఘాటెక్కి, మర్నాటికి వెనిగర్ బాట పడుతుంది. కుండకు సున్నం పూసి నీరాగా నిలపడం మన గీత కార్మికుల ఉపాయమే. నికోబార్‌లో కొబ్బరే జీవనాధారం, కల్లుకూ అదే మూలం. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తీరపు తోపులను తుడిచిపెట్టింది. కుండ చెడితే వారంలో మళ్లీ పెట్టొచ్చు, కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

సూక్ష్మజీవుల తప్పు వాసనలో బయటపడుతుంది. మనుషులు కలిపేది బయటపడదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. అందులో కలిసింది నిద్రమాత్రల మందు. ఇంటి కుండను, అమ్మకపు పీపాను ఒకే గాటన కట్టడం అందుకే పొరపాటు. అయితే ఆ రెంటి మధ్య గీత గీయడం అంత సులువూ కాదు. జార్ఖండ్‌లో రోడ్డు పక్కన హండియా అమ్ముకుని బతికే ఆడవాళ్లు చాలామంది. వాళ్లను ఆ వృత్తి నుంచి తప్పించేందుకు ప్రభుత్వం 2020లో ఫూలో ఝానో ఆశీర్వాద్ అభియాన్ పేరుతో వడ్డీలేని రుణాలు ఇవ్వసాగింది. తాగుడుతో నలిగిన ఇళ్లను చూసినవాళ్లు దాన్ని కాదనలేరు. కానీ ఆ రుణంతో దుకాణం పెట్టుకున్న ఆమె అమ్మడం మానేసినా, కూతురి పెళ్లికి రాను ఉండలు మాత్రం చేయకమానదు.