గుండమ్మ యింటి రుబ్బురోలు

కుటుంబనాటకము కాలమునకు అద్దము వంటిదని విమర్శకులు తరచుగ చెప్పుచుందురు. అద్దము తన యెదుట నున్నదానినెల్ల చూపును. నాటకము అట్టిది కాదు. ఇంటిలో నేది వెలుగులోనికి తేవలయునో, ఏది తలుపు వెనుక నుంచవలయునో నాటకకర్తయే యెంచుకొనును. కావున నొక కుటుంబకథ గృహజీవనపు మార్పును ఎంతవరకు చూపినదని విచారించువారు, అది చూపనిదేమియో గూడ విచారింపవలయును. కృష్ణాడెల్టా దిగువసీమవారు పలువురు చేయికలిపిన యొక ప్రసిద్ధ చిత్రమును బట్టి ఈ ప్రశ్నను పరిశీలింపదలచితిని.

దివిసీమకు చేరువనున్న కూచిపూడిలో తరతరములుగ ఆడుచు వచ్చిన భామాకలాపము నందు ఆలుమగల యలుక యున్నది. ఇంటి లెక్క లేదు. సత్యభామ వేషమును పురుషుడే ధరించెడివాడు. ఇంటి లెక్కను రంగస్థలముపై నిలిపిన ఖ్యాతి సాంఘిక నాటకమునకు దక్కినది. 1892లో ప్రదర్శితమైన గురజాడవారి కన్యాశుల్కము పిల్లను అమ్ముకొను తండ్రిని చూపగా, కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయము పిల్లవానిని అమ్ముకొను తండ్రిని చూపినది. ఇందు కాళింది తన పెండ్లికై తండ్రి చితికిపోవుట చూడలేక ప్రాణములు విడుచును. చెల్లెలు కమల మాత్రము, సొమ్మిచ్చి కొన్న వరుడు మా సొత్తేగదా యని న్యాయస్థానమున నిలదీయును. ఈ నాటకము 1939లో చలనచిత్రమైనది.

ఇది మన డెల్టావారికి పరాయికథ కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఇచ్చటి మాగాణి విలువ పెరిగెను. భూమికి వెలయున్న సీమలో పెండ్లిమాటలు ఎకరములతో సాగుటలో వింతలేదు. పసుపుకుంకుమల క్రింద కూతునకు భూమి వ్రాసియిచ్చుట యిచ్చటి వారెరిగిన యాచారమే. కాని అది తండ్రి దయ. కూతురి హక్కు కాదు.

ఇక 1962లో విజయావారు నిర్మించిన గుండమ్మ కథను చూడుడు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు బందరువారు. కృష్ణాపత్రికలో చిత్రవిమర్శలు వ్రాసినవారు. పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు బందరులో పెరిగినవారు. సంగీతము కూర్చిన ఘంటసాలగారిది గుడివాడ దాపునగల చౌటపల్లి. నాయకులలో ఎన్.టి. రామారావుగారిది నిమ్మకూరు, చిన్ననాడు నాటకములలో స్త్రీవేషములు ధరించిన అక్కినేని నాగేశ్వరరావుగారిది రామాపురము. రెండూ ఆ ప్రాంతపు గ్రామములే. కథకు మూలము కన్నడ చిత్రమైనను, దానికి వచ్చిన నుడికారము మనదే.

విధవరాలైన గుండమ్మ సంసారమును తానే నడుపును. సవతికూతురు లక్ష్మిచేత ఇంటిచాకిరి చేయించును. కన్నకూతురు సరోజను గారాబముతో పెంచును. జమీందారు కుమారుడు అంజి పనివాని వేషమున ఆ యింట చేరి లక్ష్మిని పెండ్లాడును. ఆతని తమ్ముడు రాజా పేదవానివలె నటించి సరోజ గర్వమణచును. పిమ్మట దుర్గమ్మ వచ్చి గుండమ్మనే బాధించుటతో పెద్దామె కన్నులు తెరచును.

ఈ చిత్రమున అంజి రుబ్బురోలి ముందు కూర్చుండి పిండి రుబ్బుచు, స్త్రీలు మేల్కొని కొలువులకు, సభలకు సాగుచున్నారని పాడును. కథానాయకునిచేత పొత్రము త్రిప్పించుట ఆ కాలమునకు చిన్నవిషయము కాదు. వంటయింటి చాకిరి ఎవరిదను ప్రశ్నను వినోదములో కలిపి సామాన్యప్రేక్షకునకు అందించుట మెచ్చదగిన పని. దానిని నేను మనసార మెచ్చుకొందును.

అయినను ఈ కథలో స్త్రీలకు జరిగిన మేలంతయు ఎవరు చేసిరి? లక్ష్మి ఓర్చుకొనినది, ఆమెను విడిపించినది అంజి. సరోజ మోసపోయి తోటపని చేసి మారినది. ఆ యుపాయము మగవారిది. 1956 నాటి హిందూ వారసత్వచట్టము తండ్రి స్వార్జితమున కొడుకుతోపాటు కూతునకు సమానభాగమిచ్చి అప్పటికి ఆరేండ్లయినది. వరకట్న నిషేధచట్టము వచ్చి యేడాదియైనది. ఐనను కథను నడిపినది లక్ష్మి ఓర్మియే గాని లక్ష్మి వాటా కాదు. పాట మేల్కొన్న స్త్రీని గూర్చినది. కథ మాత్రము ఓర్చుకొన్న స్త్రీకి బహుమాన మిచ్చినది. కమల న్యాయస్థానమున పలికిన పలుకు లక్ష్మి నోట రాలేదు.

హాస్యకథను చట్టమడుగుట అరసికత యని కొందరందురు. కన్యాశుల్కము నవ్వించుచునే శుల్కమును బయటపెట్టలేదా? నవ్వు ప్రశ్నకు అడ్డుకాదు.

చిత్రము అడుగని ప్రశ్నను చట్టము అడిగినది. ఆ రుబ్బురోలి ముందు కూర్చుండిన నటుడే ముఖ్యమంత్రియై యుండగా, ఆంధ్రప్రదేశమున 1986లో వారసత్వచట్టమునకు సవరణ వచ్చి, పిత్రార్జితమున కూతునకు కొడుకుతో సమానముగ జన్మహక్కు నిచ్చినది. 1985 సెప్టెంబరు 5 నుండి అది అమలైనది. కాని అంతకుముందే వివాహితలైన కూతుళ్లకు అది వర్తింపలేదు. లక్ష్మి, సరోజల తరమువారు ఆ గడపకు వెలుపలనే నిలిచిరి. 2005 నాటి కేంద్రసవరణ ఆ భేదమును తొలగించినది.

హక్కు పుస్తకమున కెక్కినంత మాత్రమున ఇంటికి రాదు. కట్నమిచ్చితిమిగదా యని హక్కువిడుదల దస్తావేజుపై కూతురిచేత సంతకము చేయించుకొను యిండ్లు నేడును కలవు. ఆ సంతకము చేయు క్షణమున పుట్టింటిపై మమత, అన్నతో పొత్తు, రేపటి భయము ఒక్కచోట పెనగులాడును. అంతకు మించిన నాటకఘట్టము ఏ యింట దొరకును? మన కుటుంబకథలు అత్తాకోడండ్ర కయ్యమును వేయివిధముల చిత్రించినవి. తోబుట్టువుల నడుమనున్న ఈ కాగితమును కూడ మన రచయితలు రంగస్థలముపైకి తెచ్చుటకు పూనుకొందురు గాక.