ఫైలులో ఉన్న అంగీకారం

1976 నవంబరులో అమెరికా జనరల్ అకౌంటింగ్ ఆఫీసు ఒక నివేదిక వెలువరించింది. అక్కడి ఆదివాసులకు వైద్యం అందించే ప్రభుత్వ సంస్థ ఇండియన్ హెల్త్ సర్వీస్‌పై వచ్చిన ఆరోపణలను విచారించవలసిందిగా సెనేటర్ జేమ్స్ అబౌరెజ్క్ కోరగా తయారైనది అది. 12 ప్రాంతాలలో నాలుగింటిలోనే, 1973 నుంచి 1976 వరకు, 3,406 సంతాన నిరోధక ఆపరేషన్లు జరిగాయన్న లెక్క అందులోదే. ఆ లెక్కను అందరూ ఉదహరిస్తారు. మేము దాని భాషను పరిశీలించదలచాము.

ఫైలులో అంగీకార పత్రం లేకుండా ఆపరేషన్ జరిగినట్లు ఆధారం దొరకలేదని నివేదిక అంటుంది. ఈ వాక్యంలో పత్రం ఉంది, ఫైలు ఉంది, స్త్రీ కనబడదు. ఆ పత్రాల లోపాలనూ నివేదికే చెప్పింది. ఎక్కువగా వాడిన నమూనాలో, నోటితో ఏమి వివరించారో రాసి లేదు. 21 ఏళ్లలోపు వారికి చేయరాదన్న నిషేధం 36 సార్లు ఉల్లంఘనకు గురైంది. కాగితాలను ఇంత శ్రద్ధగా చూసినవారు ఆ స్త్రీలలో ఒక్కరినీ పలకరించలేదు. అంతకుముందు గుండె ఆపరేషన్ చేయించుకున్న రోగులు, తమకు వైద్యులు చెప్పినదాన్ని సరిగా గుర్తుంచుకోలేదని ఒక అధ్యయనంలో తేలిందట, కనుక అడిగి ప్రయోజనం లేదట! గుండె జబ్బు మనిషి మరపును బిడ్డలు పుట్టే అవకాశం పోయిన ఆడదానికి అంటగట్టడం మాకు వింతగానే తోచింది.

అంగీకారం ఇద్దరి మధ్య నడిచే మాట. అడిగినదెవరు, ఏ భాషలో, ఏ వేళ? కాదంటే ఏమవుతుందని ఆమె భయపడింది? సంతకం వీటిలో దేనికీ జవాబు చెప్పదు. అయితే ఆ 3,406 అన్న లెక్క దక్కింది ఈ నివేదిక వల్లనే అన్నదీ ఒప్పుకోవాలి.

అడిగినవారు లేకపోలేదు. 1972లో లాస్ ఏంజెలెస్‌లో ఆదివాసి వైద్యురాలు కానీ పింకర్టన్-ఊరీ దగ్గరకు 26 ఏళ్ల యువతి వచ్చి, గర్భసంచి మార్చి పెట్టమని కోరింది. ఇరవయ్యో ఏట తీసేసినదాన్ని మళ్లీ అమర్చవచ్చని ఆమె నమ్మకం. పింకర్టన్-ఊరీ అక్కడినుంచి తానే విచారణకు పూనుకున్నారు. ఆదివాసి స్త్రీల సంఘాలు కూడా గొంతెత్తాయి. 1979లో అమలులోకి వచ్చిన నిబంధనలు 30 రోజుల గడువు పెట్టాయి. పత్రం భాషగాని, వివరించేవారి భాషగాని రానివారికి దుబాసీని ఏర్పాటు చేయాలన్నాయి.

ఈ చివరి నిబంధన మనకు దగ్గరిది. తెలుగు పల్లెల్లో ‘ఆపరేషన్ అయింది’ అంటే ఏ ఆపరేషనో ఎవరూ అడగరు. పత్రికలు దాన్ని ‘కు.ని.’ అన్న రెండక్షరాలకు కుదించాయి. మాట అంత అలవాటైన చోట వివరించే పని తగ్గిపోతుంది. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆపరేషనుకు ముందు చూసే పట్టికను ఆ మనిషికి అర్థమయ్యే భాషలోనే వివరించాలని ఆదేశించింది. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఇంటి తెలుగు తప్ప మరొకటి రాని తల్లికి ఆ పట్టికను ఎవరు, ఏ మాటలతో చెబుతున్నారో మన విద్యార్థులెవరైనా వెళ్లి విని రాసుకుంటే బాగుండును. పరిశోధనకు తగిన విషయమే అది.