గుంజకు రెండు చుట్లు

మా నరసరావుపేటోళ్లకి నీళ్లంటే కాలువ నీళ్లు. సాగర్ కుడికాలువలో ఈతలు కొట్టి పెరిగినవాళ్లు ఊళ్లో వందలమంది ఉంటారు గానీ, పడవ తాడు చేత్తో పట్టినవాడి కోసం వెతకాల్సిందే. నేనూ ఆ బాపతే. నలభై దాటాక, అదీ జగ్గయ్యపేటలో పెళ్లికి ఆలస్యమైపోతున్న కంగారులో, మొదటిసారి పట్టుకున్నాను. కొన్నేళ్ల కిందటి మాట.

విజయవాడ చుట్టి పోవడమా, పిడుగురాళ్ల మీదుగా పొందుగల వంతెన దాటడమా అని నేను లెక్కలేసుకుంటుంటే మా బావ తేల్చేశాడు. "మాదిపాడు రేవులో బల్లకట్టు ఎక్కితే అవతల ముక్త్యాలే గదరా. దానికింత ఆలోచనేంది?" బైకు తీసి సత్తెనపల్లి, క్రోసూరు, అచ్చంపేట మీదుగా రేవుకి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది.

బల్లకట్టు ఎరగనివాళ్లకి ఒక్క మాట. ఇనప పంటు మీద బల్లలు పరిచిన నేల అది. ముందేదో వెనకేదో దానికే తెలియదు. పక్కన ఆనించి కట్టిన ఇంజను పడవ ఎటు నెడితే అటు పోతుంది. ఆ రోజు దాని మీద ఒక లారీ, రెండు ట్రాక్టర్లు, పది బైకులు, నాలుగు మేకలతో ఒక ముసలమ్మ. తాడు వేసే కుర్రాడు మాత్రం రాలేదట. ముక్త్యాల గట్టు దగ్గరపడుతుండగా సరంగు నా వైపు చూసి, "అయ్యా, ఖాళీగానే ఉన్నారుగా, ఆ మోకు కాస్త గట్టు మీదికి విసరండి" అన్నాడు.

విసిరాను. నీళ్లలో పడింది. ముసలమ్మ నవ్వింది. రెండోసారి విసిరితే గట్టు మీద ఎవరో అందుకుని అక్కడి గుంజకు తగిలించారు. ఇక మిగిలింది నా పని కదా అని, తాడు రెండో కొస రెండు చేతులా పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి, బల్లకట్టుని ఆపేద్దామని బిగబట్టాను. లారీ, ట్రాక్టర్లు, మేకలతో సహా.

"లాగమాకండి! లాగితే మీరు పోతారు గానీ అది ఆగదు."

సరంగు పరుగున వచ్చి నా చేతిలోంచి మోకు తీసుకుని, బల్లకట్టు అంచున ఉన్న ఇనప గుంజకు రెండు చుట్లు తిప్పాడు. ముడి వెయ్యలేదు. కొస మాత్రం వదులుగా చేతిలో పట్టుకున్నాడు. తాడు కిర్రుమంది. నైలాను పోగుల్లోంచి నీళ్లు సన్నగా చిమ్మాయి. ఒక మూర జారింది, ఆగింది, ఇంకో జానెడు జారింది. గుంజ దగ్గర వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. లారీని మోస్తున్న ఆ నేల మొత్తం, ఆవు గాటికి తల ఆనించినంత నెమ్మదిగా, గట్టుకి ఆనింది.

"ముడెయ్యలేదేం?" అనడిగాను.

"బరువు మీదుండగా ముడేస్తే తెగుద్ది. చుడితే జారుద్ది, జారి ఆగుద్ది." అంతే చెప్పి ట్రాక్టర్లకి దారి చూపించడానికి పోయాడు.

పెళ్లికి అందుకున్నాను, భోజనానికి. పక్కనున్నవాళ్లు ఏమన్నారో తలకెక్కలేదు. చేతులు మండుతున్నాయి, కళ్ల ముందు ఆ రెండు చుట్లే తిరుగుతున్నాయి. నాపరాళ్ల బండి దిగుడులో పోతుంటే చక్రానికి కట్టె అడ్డంపెట్టడం చూసి పెరిగినవాణ్ణి నేను. నేల మీద బరువు కదలనని మొరాయిస్తుంది, మన అవస్థంతా దాన్ని కదిలించడానికే. నీళ్ల మీద తిరకాసు. చిన్న ఇంజను చాలు, కొండంత బరువు కదులుతుంది. కదిలాక దానికి బ్రేకు లేదు. లాగడం అని మనం పిలిచే పనిలో సగానికి పైగా ఆపడమేనని ఆ రోజు అర్థమైంది. అప్పటినుంచి ఎక్కడ పడవ కనబడ్డా నా చూపు ఇంజను మీదికి పోదు, తాడు మీదికే పోతుంది.

విశాఖ వెళ్లినప్పుడు ఓడల్ని లాగే టగ్గులు చూశాను. కాకినాడలో సరుకు మోసే బార్జీలు చూశాను. కాకినాడ తీరంలో లోతు తక్కువ, అందుకని యాంకరేజి రేవుకొచ్చే పెద్ద ఓడలు దూరాన లంగరేసుకుని నిలబడతాయి. బియ్యం బస్తాలు బార్జీల మీద అక్కడిదాకా పోవాలి. అలలకి ఊగే బార్జీని, అలలకే వేరే తీరున ఊగే ఓడ పక్కకి చేర్చి కట్టడం, రెండు ఊయలల్ని ఒకదానికొకటి కట్టి మధ్యలో సరుకు మార్చినట్టే. అక్కడా అంతా తాడు పనే.

నడిసముద్రంలో టగ్గు బార్జీని లాగే పద్ధతి మరీ విచిత్రం. రెంటికీ మధ్య వందల మీటర్ల ఉక్కుతాడు ఉంటుంది. తాడు బిర్రుగా ఉంటే లాగుడు బాగుంటుందని నాబోటి మెట్టవాడికి తోస్తుంది. అది తప్పు. ఆ తాడు తన బరువుకి తానే మధ్యలో పొట్టలా నీళ్లలోకి వేలాడాలి. అల వచ్చి బార్జీని వెనక్కి గుంజినప్పుడు ముందు ఆ పొట్ట సాగుతుంది, ఆ తర్వాతే తాడు మీద దెబ్బ పడుతుంది. పొట్ట లేకపోతే మొదటి పెద్ద అలకే తాడు తెగుతుంది. టగ్గూ బార్జీ ఒకేసారి అల ఎక్కి, ఒకేసారి దిగేట్టు తాడు పొడవు సరిచూసుకుంటారు. రేవు దగ్గరపడగానే అదే తాడుని కురచ చేస్తారు, లేకపోతే వెనకొచ్చే బార్జీ ఎటు ఊగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. దీనికంటే భయపెట్టే సంగతి ఇంకోటుంది. తాడు టగ్గుని వెనకనుంచి కాకుండా పక్కనుంచి లాగడం మొదలుపెడితే, ఎంత బలమైన టగ్గైనా క్షణాల్లో బోర్లా పడుతుంది. తను లాగుతున్న బరువే తనని తిరగేస్తుంది. అందుకే తాడు తగిలించే కొక్కేన్ని, అంత బరువు మీదున్నా, ఒక్క దెబ్బతో విడిపోయేట్టు చేసిపెడతారు.

నదుల్లో లాగడం కంటే నెట్టడం నయం. అమెరికాలో మిసిసిపీ మీద డజన్ల కొద్దీ బార్జీల్ని ఒకదానికొకటి బిగించి వెనకనుంచి ఒకే పడవ నెట్టుకుపోతుంది. పక్కన పడవ కట్టి నెట్టే మన మాదిపాడు సరంగు వాళ్లకి చుట్టమే. కాకపోతే అక్కడ మేకలు ఉండవు.

మనకీ పాత పడవదారులున్నాయి. దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ, అక్కణ్ణుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా బకింగ్‌హాం కాలువ. 1876-78 నాటి కరువులో, కూలీకి అలమటించే జనం చేత మద్రాసులో మిగిలిన ముక్క తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. గాలి ఉంటే తెరచాప. లేకపోతే మనుషులే భుజాన తాడేసుకుని గట్టు వెంట నడిచేవాళ్లు. ఉప్పు, ధాన్యం, కట్టెలు అలా మనుషుల భుజాల మీదుగా మద్రాసు చేరాయి.

ఇప్పుడు మన కృష్ణ కూడా కాగితం మీద నాలుగో నంబరు జాతీయ జలమార్గం. 2008లో ప్రకటించారు. వాడపల్లి నుంచి విజయవాడ దాకా 157 కిలోమీటర్లు. అందులో ముక్త్యాల-విజయవాడ 82 కిలోమీటర్లు మొదటి దశ అన్నారు, 2017 అక్టోబరు 3న ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు శంకుస్థాపన చేశారు. మన సిమెంటు, సున్నం, నాపరాయి బార్జీలెక్కి పోతాయని అప్పట్లో మా పేట టీకొట్లలో కూడా మాట్లాడుకున్నాం. నాకు అప్పుడూ నమ్మకం తక్కువే. ఎండాకాలంలో ఏటి అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు. వానాకాలంలో ఎగువన పులిచింతల గేట్లెత్తితే బల్లకట్టే గట్టెక్కి కూర్చుంటుంది. ఈ రెంటి మధ్య దొరికే రోజుల్లోనే బార్జీ నడవాలి. టన్నులూ కిలోమీటర్లూ చెప్పేవాళ్లు చాలామందే దొరికారు. తాడు కట్టేవాడి సంగతి ఎవరి నోటా రాలేదు.

తాడు సంగతి 2024 సెప్టెంబరు 1న వచ్చింది. అప్పుడు కృష్ణకొచ్చిన వరదకి విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కట్టు వదిలిన పెద్ద పడవలు ఎగువనుంచి కొట్టుకొచ్చి బ్యారేజీని గుద్దాయి. 67, 69, 70 నంబరు గేట్ల దగ్గర, గేట్లెత్తడానికి సాయపడే కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. తప్పెవరిదో తేల్చాల్సినవాళ్లు తేలుస్తారు, అది నా పని కాదు. టీవీలో అది చూస్తుంటే నా అరచేతులు మళ్లీ మండాయి. ఇంజను ఆడకుండా, మనిషి లేకుండా, వట్టి నీటి వడికి కదిలి వచ్చిన బరువు అది. దానికి అడ్డం నిలబడ్డ గుంజ బ్యారేజీ.

కౌంటర్‌వెయిట్ల పని గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి పర్యవేక్షణలో కొద్దిరోజుల్లోనే అయిపోయింది. గేట్లకి అడ్డంపడ్డ పడవలు మాత్రం ఓ పట్టాన లొంగలేదు. పెద్ద క్రేన్లు తెచ్చి లాగారు, కదల్లేదు. విశాఖ డైవర్లు నీళ్లలో మునిగి ఇనుము కోయబోయారు, అదీ ఒక పట్టాన తెగలేదు. చివరికి కాకినాడ నుంచి వచ్చినవాళ్లూ ఇంజనీర్లూ కలిసి రెండు పెద్ద పడవలకి అడ్డంగా ఇనపదూలాలు వేసి, మునిగినదాన్ని వాటికి వేలాడగట్టి, కాస్త పైకి లేపి, ఆ తర్వాత మెల్లగా పక్కకి తీసుకుపోయారు. మొదటి పడవ పున్నమి ఘాట్ వైపు చేరేసరికి సెప్టెంబరు 17. మొండిగా లాగితే రానిది, నీటితోనే మోయిస్తే వచ్చింది. అంతకు అయిదేళ్ల ముందు కచ్చులూరు దగ్గర గోదాట్లో మునిగిన రాయల్ వశిష్ఠ పడవని ధర్మాడి సత్యం బృందం బయటికి తీసింది కూడా తాళ్లూ లంగర్లతోనే. అక్కడ మునిగింది సెప్టెంబరు 15న, తేలింది అక్టోబరు 22న. ఆ నెల పైచిలుకు రోజుల్లో తాడు ఎన్నిసార్లు వేశారో, ఎన్నిసార్లు ఉత్తిచేతుల్తో వెనక్కి లాక్కున్నారో ఒడ్డున కూర్చుని ఎదురుచూసినవాళ్లకే ఎరుక.

పెళ్లి నుంచి తిరుగు ప్రయాణం కూడా ఆ బల్లకట్టు మీదే. సాయంత్రానికి తాడు కుర్రాడు వచ్చాడు, జ్వరమొచ్చి పొద్దున రాలేదట. మధ్యాహ్నపు నా విసురు సంగతి సరంగు వాడికి చెప్పేసినట్టున్నాడు, నన్ను చూసి మూతి బిగబట్టుకున్నాడు. నేను గొప్పగా చుట్టిపెట్టిన మోకు మీద కూర్చుని ఏరు చూస్తున్నాను.

"బాబాయ్, చుట్ట మీంచి లేవండి," అన్నాడు. "అది పరిగెత్తేటప్పుడు మీకు చెప్పి పరిగెత్తదు."

లేచి నిలబడ్డాను. ఇంజను అందుకుంది. మా ముందు ఎక్కిన లారీ డ్రైవరు కిందికి దిగి, వెనక టైర్ల కింద రెండు రాళ్లు పెట్టి, కాలితో తన్ని సరిచేశాడు. వంగి చూశాను. మన పల్నాటి నాపరాయి ముక్కలే.